ఎర చేప

కరేబియన్ సముద్రం అనగానే మన తెలుగువాళ్ళకు సాధారణంగా రెండే స్ఫురిస్తాయి. ఒకటి క్రికెట్. రెండవది, విహారయాత్రల ప్రకటనల్లో కనిపించే తెల్లని ఇసుక, ఒరిగిన కొబ్బరిచెట్టు, దానికి కట్టిన ఉయ్యాల. ఆ ఉయ్యాలలో ఊగేవాడు ఎప్పుడూ బయటినుంచి వచ్చినవాడే. ఆ తీరాన పుట్టినవాళ్ళు ప్రొద్దున్నే లేచి ఏం చేస్తారో, మధ్యాహ్నం ఏం తింటారో ఆ బొమ్మల్లో ఉండదు. గ్రెనడా ద్వీపంలో గ్వావ్ అనే చేపల ఊరు ఒకటుంది. 2019 ఫిబ్రవరిలో అక్కడ ఆరు రోజులున్నాను. ఆ ఊరి గురించి చాలాకాలంగా వ్రాయాలనుకుంటూ వాయిదా వేస్తూ వచ్చాను.

అక్కడికి వెళ్ళడానికి కారణం చిన్నదే. అమెరికాలో చేపలమ్మే పెద్ద దుకాణాలలో ప్రతి రకం పక్కనా అది ఏ దేశం నుంచి వచ్చిందో తెలిపే చీటీ ఉంచాలి. 2005 నుంచి అది చట్టం. మా ఊరి దుకాణంలో ఐసు మీద పరచిన ఎర్రని ట్యూనా ముక్కల పక్కన అప్పుడప్పుడు "గ్రెనడా" అన్న పేరు కనిపించేది. చేప ఇంత దూరం వచ్చినప్పుడు మనం అంత దూరం వెళ్ళి చూస్తే ఏం, అనిపించింది. సెలవు దొరికింది, వెళ్ళాను.

గ్రెనడా దేశం మొత్తం విస్తీర్ణం 344 చదరపు కిలోమీటర్లు. జనాభా లక్ష పైచిలుకు. మన మండలాలు రెండు మూడు కలిపితే ఒక దేశం. రాజధాని సెయింట్ జార్జెస్ నుంచి పడమటి తీరం వెంబడి ఉత్తరంగా సుమారు 20 కిలోమీటర్లు వెళితే గ్వావ్ వస్తుంది. 5వ నంబరు బస్సు ఎక్కాలి. బస్సంటే మన మాక్సీ క్యాబ్ వంటిదే. జనం, సంచులు, పెద్ద శబ్దంతో పాట. దిగవలసిన చోటు వచ్చినప్పుడు పైకప్పు మీద వేలి కణుపులతో తట్టాలి. ఎవరూ "ఆపు" అని అరవరు. ఒక పక్క కొండ, ఒక పక్క సముద్రం, మధ్యలో ఇంత సన్నని దారి. ప్రతి మలుపులోనూ డ్రైవరు హారను కొడతాడు, ఎదుటివాడు బదులు కొడతాడు. ఇద్దరూ బ్రతికే ఉన్నామని ఒకరికొకరు చెప్పుకున్నట్లుంటుంది.

ఊరి పేరు ఫ్రెంచి భాషలో జామపండుకున్న పేరే. ఫ్రెంచివారి ఏలుబడిలో ఆ పేరు వచ్చింది. 1763లో ద్వీపం బ్రిటిషువారి చేతికి వచ్చాక వారు తమ రాణి పేరిట షార్లెట్ టౌన్ అని నామకరణం చేశారు. రాణి పేరు కాగితాలలో మిగిలింది, జామ పేరు నోళ్ళలో నిలిచింది. గ్రెనడాకు స్వాతంత్ర్యం వచ్చింది 1974 ఫిబ్రవరి 7న కనుక, నేను వెళ్ళేసరికి ఊరంతా ఎరుపు, పసుపు, ఆకుపచ్చ రంగులే. కరెంటు స్తంభాలకు, అరుగులకు, రాళ్ళకు, చివరికి పాత టైర్లకు కూడా ఆ మూడు రంగులూ పూశారు. దేశపు జెండాలో ఒక మూల జాజికాయ బొమ్మ ఉంటుంది. వంటింటి దినుసును జెండా మీదికి ఎక్కించుకున్న జాతి మీద నాకు వెంటనే గౌరవం కలిగింది.

బస్సు దిగిన పావుగంటకే నేను భారతీయుడినని ఊరికి తెలిసిపోయింది. మంగలి దుకాణం ముందు కూర్చున్న ఒక వృద్ధుడు పిలిచి, ఏ ప్రాంతం అని అడిగాడు. బాపట్ల అంటే ఏం తెలుస్తుంది? "లక్ష్మణ్ మాట్లాడే భాషే మాదీ" అన్నాను. ఆయన మణికట్టును ఒక్క తిప్పు తిప్పి, లేని బంతిని మిడ్‌వికెట్ వైపు పంపించి, "సరే, కూర్చో" అన్నాడు. ఆ తరువాత ఆయన వంతు. 2012 లండన్ ఒలింపిక్స్‌లో 400 మీటర్ల పరుగులో స్వర్ణం గెలిచి, గ్రెనడాకు మొట్టమొదటి ఒలింపిక్ పతకం తెచ్చిన కిరానీ జేమ్స్ ఈ ఊరివాడే. ఆ సంగతి నాకు గ్వావ్‌లో కనీసం పదిమంది చెప్పి ఉంటారు. తెలుసునన్నా ఆగరు, మొదటినుంచి చెబుతారు.

భారతదేశంతో ఈ ద్వీపానికున్న బంధం క్రికెట్ కంటె పాతది. 1857 మే 1న "మెయిడ్‌స్టోన్" అనే ఓడ కలకత్తా నుంచి బయలుదేరిన కూలీలలో 287 మందిని ఈ ద్వీపపు ఉత్తర తీరాన దించింది. బానిసత్వం రద్దయ్యాక తోటలలో పనికి మనుషులు కావలసి వచ్చి తెచ్చుకున్న ఒప్పందపు కూలీలు వారు. వారి సంతతివారు భాషను పోగొట్టుకున్నారు గాని వంటను పోనివ్వలేదు. రోటీ ఇక్కడ అందరి తిండి. నేను బస చేసిన ఇంటి యజమానురాలు సీమపనస, చేమాకులు, కొబ్బరిపాలు, ఉప్పుచేప కలిపి పెద్ద కుండలో వండుతూ "ఇందులో శాఫ్రన్ వేస్తాం" అంటే, కుంకుమపువ్వు అంత చౌకా అని విస్తుపోయాను. చూస్తే అది మన పసుపు. అక్కడ పసుపుకు అదే పేరు. ఆ వంటను ఆయిల్ డౌన్ అంటారు. వారి జాతీయ వంటకం. పేరు విని భయపడనక్కరలేదు, తింటే మన పులుసుకూరకు దూరపు చుట్టం.

ఇక చేపల సంగతి.

గ్వావ్‌ను గ్రెనడా చేపల రాజధాని అంటారు. తెల్లవారకముందే పడవలు వెళ్ళిపోతాయి. అవి మన తీరంలో కనిపించే ఫైబరు పడవల కంటె కాస్త పెద్దవి; కొన్నింటికి చిన్న గది, ఐసు పెట్టె కూడా ఉంటాయి. వారు పట్టేది ప్రధానంగా పచ్చరెక్కల ట్యూనా. పట్టే విధానం లాంగ్‌లైన్. మైళ్ళ పొడవున్న ఒకే తాడును బెండ్ల సాయంతో సముద్రంలో తేలవేస్తారు. దానికి ఎడమెడంగా వ్రేలాడే దారాలు, ప్రతి దారం కొసనా గాలం, ప్రతి గాలానికీ ఒక ఎర చేప. కొన్ని గంటల తరువాత తాడును చుట్టుకుంటూ వెళితే అదృష్టం ఎంతో తెలుస్తుంది.

ఈ విద్య వారి తాతలనాటిది కాదు. 1979 మార్చిలో మారిస్ బిషప్ నాయకత్వాన గ్రెనడాలో విప్లవ ప్రభుత్వం ఏర్పడింది. క్యూబాతో స్నేహం కుదిరింది. 1980ల తొలినాళ్ళలో క్యూబావారి శిక్షణతోనే గ్వావ్ జాలరులు లాంగ్‌లైన్ నేర్చుకున్నారు. అదే కాలంలో ద్వీపపు దక్షిణ కొసన క్యూబా పనివాళ్ళు ఒక పెద్ద విమానాశ్రయం కట్టసాగారు. 1983 మార్చిలో అమెరికా అధ్యక్షుడు రీగన్ టెలివిజన్ ప్రసంగంలో ఆ రన్‌వే ఛాయాచిత్రం చూపించి, ఇది తమకు ప్రమాదమన్నాడు. అక్టోబరు 19న బిషప్‌ను సొంత పార్టీలోని ప్రత్యర్థివర్గం సైనికులే కాల్చి చంపారు. అక్టోబరు 25న అమెరికా సేనలు దిగాయి. విమానాశ్రయాన్ని తరువాత అమెరికా డబ్బుతోనే పూర్తిచేసి 1984లో తెరిచారు. 2009లో దానికి మారిస్ బిషప్ పేరు పెట్టారు.

నేను చూసిన ఆ ఫిబ్రవరిలో, క్యూబావారు నేర్పిన పద్ధతిలో పట్టిన చేప, క్యూబావారు మొదలుపెట్టిన విమానాశ్రయం నుంచి, ఐసులో పడుకొని, అమెరికాకు వెళుతోంది. ఎవరి భయం ఎక్కడికి పోయిందో, ఎవరి ఆశ ఏమయిందో చరిత్రకారులు చెప్పాలి. చేపకు అవేవీ పట్టినట్లు లేదు.

పడవ ఒడ్డుకు రాగానే చేపను నిలబెట్టి మాట్లాడేవారుండరు. పని చకచకా సాగిపోతుంది. కొనేవాడి మనిషి సన్నని గొట్టంలాంటి సాధనాన్ని ట్యూనా శరీరంలోకి గుచ్చి, పెన్సిలు ముక్కంత మాంసం బయటికి తీసి, వెలుతురులో రంగు చూస్తాడు. ఎరుపు బాగుంటే ఒక ధర. కొవ్వు మెరుపు కనిపిస్తే ఇంకా పై ధర. రంగు తగ్గిందా, ఆ చేప ఊళ్ళోనే ఉండిపోతుంది. మంచిది వెళ్ళిపోవడం, రెండోరకం ఊరికి మిగలడం నాకు కొత్త కాదు. మా బాపట్ల ప్రాంతంలో రొయ్యల కాటా దగ్గర "కౌంటు" లెక్కపెట్టడం చూస్తూ పెరిగినవాణ్ణి. పెద్ద రొయ్య ఎక్కడికి పోతుందో మాకు తెలుసు. అది మా కంచంలోకి మాత్రం రాదు.

కాని గ్వావ్‌లో నన్ను నిజంగా ఆలోచనలో పడవేసింది ట్యూనా కాదు, దాని ఎర.

ఎర చేపలలో ముఖ్యమైనవి అక్కడ "జాక్స్" అని పిలిచే చిన్న చేపలు; మన పార జాతివే. వాటిని ఒడ్డునుంచి లాగే వలతో పడతారు. మన తీరంలో అలివి వల ఎలాగో అదీ అలాగే. ఒక మనిషి ఎత్తయిన చోట నిలబడి నీటి రంగు గమనిస్తూ ఉంటాడు. గుంపు కనిపించగానే కేక వేస్తాడు. పడవ అర్ధచంద్రాకారంగా వలను విడుస్తూ తిరిగి వస్తుంది. రెండు కొసల తాళ్ళూ ఒడ్డున ఉన్నవాళ్ళు పట్టుకొని లాగుతారు. చిన్నప్పుడు వేసవి సెలవుల్లో సూర్యలంకలో మా మామయ్యతో వెళ్ళి ఇదే చూసేవాణ్ణి. అక్కడ "హైలెస్సా", ఇక్కడ వేరే పదం. లాగే నడుములు మాత్రం ఒకే లయలో వెనక్కు వాలుతాయి.

మూడవ రోజు ఉదయం నేనూ తాడు పట్టుకున్నాను. ఎవరూ రమ్మనలేదు, వద్దనలేదు. నా ముందు స్కూలు దుస్తుల్లో ఒక పిల్లవాడు, వెనుక నా తండ్రి వయసు మనిషి. గంటసేపు లాగాం. నా అరచేతులు మండిపోయాయి. వల దగ్గరకు వచ్చాక చేపలన్నిటినీ ఒడ్డుకు లాగివేస్తారనుకున్నాను. అలా జరగలేదు. వలను నీటిలోనే చుట్టులా బిగించి లంగరు వేశారు. చేపలు లోపల ప్రాణంతోనే తిరుగుతున్నాయి. ట్యూనా పడవలవాళ్ళు వచ్చి తమకు కావలసిన ఎర కొనుక్కుపోయేదాకా అవి అలాగే ఉంటాయట. కొంత భాగం మాత్రం బుట్టలలో బయటికి తీసి, తాడు పట్టినవాళ్ళకు తలా కొన్ని పంచారు. వల యజమాని నావైపు చూసి, ఒక ప్లాస్టిక్ సంచీలో ఏడు చేపలు వేసి అందించాడు. నాకెందుకు, నేను యాత్రికుణ్ణి, అన్నాను. "తాడు పట్టావు కదా?" అన్నాడు. ఆయన దృష్టిలో అక్కడితో ఆ చర్చ ముగిసింది.

చేపల బజారులో ఒక పెద్దావిడ ఆ సంచీని చూసి నవ్వింది. అరవై దాటిన మనిషి. చేతిలో కత్తి ఆగకుండా పనిచేస్తూనే ఉంది.

"నాయనా, ఇవాళ నువ్వు నాకంటె ధనవంతుడివి" అంది. "నా చిన్నతనంలో జాక్స్ కొనడమంటే నవ్వేవారు. గిన్నె పట్టుకొని ఒడ్డుకు వెళితే ఇచ్చేవారు. ఏమీ లేనివాళ్ళ కూర అది. ఇప్పుడో, ముందు ట్యూనా తింటుంది, ఆ తరువాతే మేము."

పక్కన ఐసు పగలగొడుతున్న యువకుడు, ఆమె మేనల్లుడట, ఊరుకోలేదు. "అత్తా, ఆ ట్యూనాయే కదా మనింటికి పైకప్పు వేసింది! ఇవాన్ తరువాత ఈ ఊరికి ఏం మిగిలింది?" అన్నాడు.

ఇవాన్ అంటే మనిషి కాదు, తుఫాను. 2004 సెప్టెంబరు 7న వచ్చింది. అంతకుముందు 1955లో జానెట్ అనే తుఫాను ఈ ద్వీపాన్ని ఇలాగే తుడిచిపెట్టింది. ఇవాన్ వచ్చేనాటికి జాజికాయ ఉత్పత్తిలో ఇండోనేషియా తరువాత ప్రపంచంలో రెండవ స్థానం గ్రెనడాదే. తుఫాను ఒక్క రోజులో జాజి చెట్లలో అత్యధిక భాగాన్ని పడగొట్టింది. ఆ చెట్టు నాటితే నిండుగా కాయడానికి ఏళ్ళు పడుతుంది. గ్వావ్‌లో జాజికాయలు ఎండబెట్టి, ఏరి, సంచులకెత్తే పెద్ద చెక్క భవనం ఇప్పటికీ ఉంది. లోపలికి వెళితే ఆ సువాసన బట్టలకు అంటుకొని సాయంత్రం దాకా వదలదు. నేను వెళ్ళినప్పుడు అందులో సంచుల కంటె ఖాళీ నేలే ఎక్కువ కనిపించింది. కొండ మీది పంట పోయినప్పుడు ఊరు సముద్రం వైపు మరింతగా తిరిగింది. సముద్రంలో చెట్లు నాటనక్కరలేదు కదా.

పెద్దావిడ మేనల్లుడి మాట కాదనలేదు. "పైకప్పు వేసింది, నిజమే. దాని కింద కూర్చుని ఏం తినాలో కూడా అదే చెబుతోంది" అంది. అతను నవ్వేశాడు. ఇద్దరి మాటా నిజమే. ఆ రెండు నిజాలూ ఒకే బల్ల మీద, ఒకే కత్తి కింద పడి ఉన్నాయి. నేను చెప్పగలిగిందేమీ లేదు. ఆ ట్యూనా చివరికి చేరే ఊళ్ళలో ఒకటి మాది. ఆ సంగతి ఆమెకు చెప్పాను. "మరి రుచిగా ఉందా?" అని అడిగింది. ఉందన్నాను. "ఉండాలి మరి. మా జాక్స్ తిని పెరిగింది" అంది.

శుక్రవారం సాయంత్రం ఊరి నడుమ రెండు వీధులు మూసి చేపల తిరునాళ్ళ జరిపారు. ఫిష్ ఫ్రైడే అంటారు. ఇవాన్ విధ్వంసం తరువాత, 2005లో, ఊరి కుటుంబాలకు నాలుగు డబ్బులు వస్తాయని మొదలుపెట్టినది. ఇంటింటి ముందూ బల్ల, పొయ్యి. రేకు కాగితంలో చుట్టి కాల్చిన చేప, శంఖుపురుగు కూర, చేప వడలు, నూనెలో వేయించిన ఉబ్బు రొట్టెలు. రాజధాని నుంచి, హోటళ్ళ నుంచి బస్సులలో యాత్రికులు వస్తారు. ఆ రాత్రి నా పక్కన కూర్చున్న ఒక యాత్రికుడు, ఇంకా బయటివాళ్ళు పాడుచేయని పల్లె దొరికినందుకు చాలా సంతోషంగా ఉన్నాడు. ఆ మాట విన్నప్పుడు నాకు కొంచెం ఇబ్బంది కలిగింది. ఫ్రెంచివారు పేరు పెట్టి, బ్రిటిషువారు పేరు మార్చి, ఆఫ్రికానుంచి బానిసలను, కలకత్తానుంచి కూలీలను తెచ్చి, క్యూబా పాఠం చెప్పి, అమెరికా ధర కట్టిన ఊరు అది. ప్రపంచం చేయి పడని అంగుళం అక్కడ లేదు. అయినా ఊరు తనదైనదేదో కాపాడుకుంది. అదేమిటో ఆలోచిస్తే నాకు ఆ ఏడు చేపల సంచీయే గుర్తొచ్చేది.

బజారులో చేప డబ్బున్నవాడి వైపు వెళుతుంది. అందులో తప్పుపట్టడానికేమీ లేదు. నేనూ డబ్బిచ్చే కొంటాను. తాడు దగ్గర లెక్క వేరు. అక్కడ చేయి వేసినవాడికి కూర దొరుకుతుంది. వాడెవడు, ఎక్కడివాడు, రేపు ఉంటాడా అన్న ప్రశ్న రాదు. ఎర ధర పెరిగిన కొద్దీ ఆ పంపకంలో చేపల లెక్క తగ్గుతోందని నాతో తాడు లాగిన పెద్దాయన చెప్పాడు. ఒకప్పుడు బుట్టతో ఇచ్చేవారట, ఇప్పుడు చేతితో లెక్కపెట్టి ఇస్తున్నారట. అయినా ఇవ్వడం మానలేదు. మానితే పిల్లలు తాడు పట్టడానికి రారు, రాకపోతే వలే లేదు, అన్నాడు. ఆయన దాన్ని దానధర్మంగా చెప్పలేదు. వలకు బెండ్లు ఎంత అవసరమో ఇదీ అంతే అన్నట్లు చెప్పాడు.

"మీ దేశంలోనూ తాడు పట్టినవాడికి చేప ఇస్తారా?" అని ఆయనే అడిగాడు. నా చిన్నతనంలో ఇచ్చేవారని చెప్పాను. ఇప్పటి సంగతి చూసి రావాలని అప్పుడే అనుకున్నాను.

2023 జనవరిలో ఇంటికి వెళ్ళినప్పుడు తెల్లవారుజామున సూర్యలంక వెళ్ళాను. మర పడవలన్నీ నిజాంపట్నం రేవు చేరాక ఇక్కడ అలివి వలలు వేసేవారు తగ్గిపోయారు. ఆ ఉదయం ఒకే వల కనిపించింది. పడినవి ఎక్కువగా కవళ్ళు, కొద్దిగా నెత్తళ్ళు. ఒడ్డున ఒక ఆటో సిద్ధంగా ఉంది. చిన్న చేపను ఎండబెట్టి కోళ్ళ దాణాకు, చేపల మేతకు అమ్మేవారి మనిషి అందులో కూర్చున్నాడు. ఇక్కడ కూడా పేదవాడి కూర ఇంకో ప్రాణికి మేతగా మారి, ఆ ప్రాణి ఇంకో దేశానికి వెళుతోంది. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకుల మీద సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు భీమవరం చెరువుగట్ల మీద ఎంత ఆందోళన కలిగిందో మనమందరం చూశాం. దూరపు కంచం కోసం వండడం మొదలుపెట్టాక, ఆ కంచం ఎప్పుడు పక్కకు తోస్తారోనన్న భయం కూడా మనతోనే ఉంటుంది. 2024 జూలై 1న బెరిల్ తుఫాను గ్రెనడాకు చెందిన కేరియాకూ ద్వీపాన్ని నేలమట్టం చేసిందని చదివినప్పుడు, తుఫాను భయమూ ధర భయమూ రెండూ తెలిసిన ఆ అత్తా మేనల్లుళ్ళు జ్ఞాపకం వచ్చారు.

సూర్యలంకలో ఆ రోజు నేను తాడు పట్టుకోలేదు. చోటు లేదు, మనుషులు సరిపోయినంతమంది ఉన్నారు. వల ఒడ్డుకు చేరాక, ఆటో మనిషి తూకం మొదలుపెట్టకముందే, వల పెద్ద ఒక గంపను విడిగా పక్కకు పెట్టించాడు. తాడు లాగినవాళ్ళు వరుసగా వచ్చి కొంగుల్లో, తువ్వాళ్ళలో, క్యారేజీ గిన్నెల్లో తమ పాలు పట్టుకుపోయారు. చివరన ఒక పదేళ్ళ పిల్ల చొక్కా అంచును దోసిలిలా పట్టి నిలబడింది. ఆమెకు కూడా పోశారు.